మధ్యలో రెండు ఫోటోలు

పోయిన వారం నోరీన్ ఆష్‌వర్త్‌ని గుమ్మం దగ్గర వదిలేశాం. తలుపు సందులోంచి పడిన లావుపాటి కవరు ఆమె చేతిలో ఉంది. కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

హార్‌క్లఫ్ ఊళ్ళో బ్రాత్‌వెల్స్ సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో తొంభై నిమిషాలకు మించి కారు ఉంచకూడదు. ఫిబ్రవరి పదకొండు, మంగళవారం నాడు నోరీన్ కారు అక్కడ నూట అరవైమూడు నిమిషాలు ఉందని, ఆ పార్కింగ్ చూసుకునే లేన్‌వార్డ్ అనే ప్రైవేటు కంపెనీ జరిమానా వేసింది. ఆ రోజు నోరీన్ వాళ్ళ చెల్లెలింట్లో ఉంది. కారు తీసుకెళ్ళింది ఆమె భర్త క్లిఫ్. బ్రెడ్డు కొనుక్కుని ఇంటికొచ్చాననీ, పాలు మర్చిపోయానని మళ్ళీ వెళ్ళాననీ, కెమెరా రెండు రాకల్నీ కలిపి ఒకటి చేసిందనీ అతను చెప్పాడు. కారు నోరీన్ పేరు మీద ఉంది కాబట్టి ఉత్తరాలన్నీ ఆమెకే వచ్చాయి. ఆమె కంపెనీకి రాస్తే కాదన్నారు. పై అప్పీలు వినేవాళ్ళకు రాస్తే వాళ్ళూ కాదన్నారు. తర్వాత వసూలువాళ్ళ ఎర్రక్షరాల ఉత్తరాలు, ఆ తర్వాత కోర్టు కాగితం. ఎనిమిది నెలలుగా నోరీన్ ఒక్కటే మాట మీద నిలబడింది: మా ఆయన అబద్ధం చెప్పడు. కోర్టుకిచ్చిన కాగితం కింద కూడా ఆ మాటకే సంతకం పెట్టింది.

ఇక ఈ కవరు. ఆ రోజు మా కారుకు సంబంధించి మీ దగ్గరున్న ఫోటోలన్నీ పంపండి అని నోరీన్ నెల కిందట లేన్‌వార్డ్‌కి రాసింది. అడిగితే ఇచ్చి తీరాలన్నది చట్టం. ఇచ్చారు. అదే ఇది.

గురువారం ఉదయం ఆమె కవరు విప్పకుండానే లైబ్రరీకి పట్టుకుపోయింది. ఒక్కదానికి విప్పే ధైర్యం లేకపోయింది. లైబ్రరీలో పిల్లల పుస్తకాల పక్కన సలహాలిచ్చే బల్ల ఒకటుంది. అక్కడ కూర్చునే ఒర్లా డెవ్లిన్ ఒకప్పుడు కౌన్సిల్ ఉద్యోగంలో వీధివీధీ తిరిగి కార్ల అద్దాలకు జరిమానా చీటీలు అంటించిన మనిషి. ఉద్యోగం వదిలేశాక, చేసిన పాపం కడుక్కుంటున్నానంటూ ఊళ్ళో వాళ్ళ జరిమానాలు కొట్టేయించే పనిలో పడింది. నోరీన్ చేత ఆ ఉత్తరం రాయించింది ఆమే. నంబరు ప్లేటు మీద బురద పడితే కెమెరా ఒక అక్షరాన్ని ఇంకోలా చదువుతుందట. అప్పుడా ఫోటో ఏ కారు లెక్కలోకీ రాక అనాథలా ఓ మూల పడి ఉంటుందట. అందుకని, మా నంబరును పోలినవాటిని కూడా మనిషి చేత వెతికించి పంపండి అని ఆ ఉత్తరంలో ప్రత్యేకంగా ఒక వాక్యం పెట్టించింది.

ఆ వాక్యమే పనిచేసింది. కవర్లో నాలుగు ఫోటోలున్నాయి.

మొదటిది పది నలభై ఎనిమిదికి కారు లోపలికి వస్తున్నది. ఆఖరిది ఒంటిగంటా ముప్ఫై ఒకటికి బయటికి పోతున్నది. ఈ రెండూ కంపెనీ మొదటినుంచీ చూపిస్తున్నవే. వాటి మధ్యలో రెండు కొత్తవి. ఒకదాన్లో పదకొండు ఇరవై ఆరుకి కారు బయటికి పోతోంది. రెండోదాన్లో ఒంటిగంటా రెండుకి మళ్ళీ లోపలికి వస్తోంది.

ఒర్లా ఫోటోల కింద అచ్చయిన టైముల మీద వేలు పెట్టి రెండుసార్లు చూసుకుంది. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం, తల్లీ. రెండుసార్లూ కలిపినా ఆయన అక్కడున్నది గంటా ఏడు నిమిషాలు. కేసు అయిపోయింది.”

నోరీన్‌కి ఏడుపొచ్చింది. పిల్లల పుస్తకాల దగ్గర నిలబడి ఏడవడం బాగుండదని ముక్కు చీదుకుంది. కోర్టుకు కాగితాలు చేరడానికి రేపు, శుక్రవారం సాయంత్రం నాలుగు దాకా గడువుంది. ఒర్లా ఫోటోలకు కాపీలు తీసుకుంది. రాత్రికి చిన్న వివరణ రాసి, రేపు పన్నెండింటికి బల్ల తెరవగానే కోర్టుకూ కంపెనీకీ పంపేస్తానంది. అసలువి నోరీన్‌కే ఇచ్చి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోమంది.

దారిలో నోరీన్ క్లిఫ్‌కి ఇష్టమని బేకరీలో రెండు కస్టర్డ్ టార్టులు కొంది. ఈ ఎనిమిది నెలల్లో అతనిలో మార్పు ఆమె గమనించకపోలేదు. ఉత్తరం వచ్చినప్పుడల్లా మాటాడకుండా పెరట్లోకి పోయేవాడు. రెండుసార్లు, పోనీ కట్టేద్దామన్నాడు. చేయని తప్పుకు ఎందుకు కడతామని ఆమే గట్టిగా అడ్డం పడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నలభైనాలుగో నంబరు బస్సు నడిపిన మనిషి. ఒక్క ఫిర్యాదు లేదు. అలాంటివాడిని ముక్కూమొహం తెలియని కంపెనీ అబద్ధాలకోరంటే అతనికి అవమానంగా ఉందేమోనని ఆమె అనుకుంది. ఆ అవమానం కడిగేసి చేతిలో పెడదామన్న ఆత్రంతో, కాలు నొప్పి కూడా మర్చిపోయి గబగబా ఇంటికి నడిచింది.

క్లిఫ్ పెరట్లో గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నాడు. పిలవబోయి ఆగింది. ముందు టీ పెట్టి, ఫోటోలు బల్ల మీద వరసగా పేర్చి, అప్పుడు పిలుద్దామనుకుంది. పేర్చింది. పేర్చాక అతని మొహం ఎలా పడిందో చూడాలనిపించి, అల్లిక పనికి వాడే భూతద్దం తెచ్చుకుంది.

బయటికి పోయే ఫోటోలు కారు వెనకనుంచి తీసినవి. లోపలికి వచ్చేవి ముందునుంచి తీసినవి. మొదటి ఫోటోలో క్లిఫ్ టోపీ పెట్టుకుని, ఎప్పటిలా ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నట్టు పెదాలు ముందుకు వచ్చి ఉన్నాయి. నోరీన్ నవ్వుకుంది.

అద్దాన్ని మూడో ఫోటో మీదికి జరిపింది.

అందులో ఉన్నదీ క్లిఫ్ఫే. తల మీద టోపీ లేదు. రెండు చేతులతో స్టీరింగ్ పైభాగాన్ని, కొత్తగా నేర్చుకునేవాడు పట్టుకున్నట్టు బిగించి పట్టుకున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. నలభైమూడేళ్ళ కాపురంలో ఆ మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. తప్పిపోయిన చిన్నపిల్లాడి మొహంలా ఉంది.

భూతద్దాన్ని ఫోటోలో కిందికి జరిపింది. కారు ఎడమ దీపం లేదు. దీపం ఉండవలసిన చోట నల్లటి గుంట ఉంది. దాని పైన రేకు లోపలికి నొక్కుకుపోయింది. ఎడమ పక్క అద్దం తీగకు వేళ్ళాడుతోంది.

మళ్ళీ మొదటి ఫోటో చూసింది. పది నలభై ఎనిమిదికి దీపం బాగానే ఉంది.

ఆ దీపం సంగతి ఆమెకు బాగా తెలుసు. సూపర్‌మార్కెట్లో కారు నిలిపి ఉండగా ఎవరో గుద్ది పారిపోయారని క్లిఫ్ ఆ సాయంత్రమే చెప్పాడు. నోరీన్ ఊరుకోలేదు. మర్నాడే బ్రాత్‌వెల్స్ మేనేజరు దగ్గరికి పోయి, మీ కెమెరాలు జనానికి జరిమానాలు వేయడానికేనా, దొంగల్ని పట్టుకోవడానికి పనికిరావా అని నలుగురి ముందూ నిలదీసి వచ్చింది. తెలిసినవాడి షెడ్డులో పాత దీపమూ, పక్క అద్దమూ కొని బిగించి, రేకు సరిచేయించారు. గుద్దినవాణ్ణి తలుచుకుని ఆమె చాలా రోజులు తిట్టింది.

మరి ఈ ఫోటోలో కారు లోపలికి వస్తోంది. దెబ్బతో వస్తోంది.

టీ నీళ్ళు మరిగి, కరెంటు కెటిల్ దానంతటదే ఆగిపోయింది. క్లిఫ్ పెరటి తలుపు తీసుకుని వచ్చి, చేతులు కడుక్కుని, టార్టులు చూసి ఎవరి పుట్టినరోజు అని అడిగాడు. నోరీన్ కూర్చోమంది. అతను కూర్చున్నాడు.

ఆమె దీపం మాట ఎత్తలేదు. మొదటిసారి బయటికి వచ్చాక ఎక్కడికి పోయావని మాత్రం అడిగింది. ఇంటికి అన్నాడు. అక్కణ్ణుంచి ఇంటికి ఏడు నిమిషాల దారి, మళ్ళీ లోపలికి పోవడానికి గంటన్నర దాటిందేమని అడిగింది. ఇంట్లో కాసేపు కూర్చున్నానన్నాడు. టీ తాగానన్నాడు. పాలు లేవు కదా అని ఆమె అంది. అతను చేతులు తుడుచుకున్న తువాలును మడతపెట్టాడు. విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

నోరీన్ మూడో ఫోటోను, దాని మీద భూతద్దాన్ని అతని ముందుకు జరిపింది.

చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె మొహంలోకి చూసి, నటన అనడానికి వీల్లేని గొంతుతో అడిగాడు.

“ఇది మన కారేనా, నోరీ?”

ఆ ఒక్క ప్రశ్నతో ఆమె కోపమంతా జారిపోయింది. కోపం ఉన్నంతసేపూ ఒక ఆసరా ఉన్నట్టుండేది. అదీ పోయింది. మన కారే, అంది. అతను తల ఊపాడు. అలా ఊపుతూనే మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

పోయినేడాది ఆకులు రాలే రోజుల్లో మొదలైందట. ముందు పేర్లు పోయాయి. వయసు మీద పడింది కదా, అందరికీ ఉండేదే అనుకున్నాడు. తర్వాత దారులు పోవడం మొదలైంది. రోజూ కాదు. పది రోజులు బాగానే ఉండేది, పదకొండో రోజు కూడలిలో నిలబడితే కుడి ఎడమలు రెండూ ఒకేలా కనిపించేవి. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజుకు ఎనిమిది సార్లు తిరిగిన వీధి, ఎవరో రాత్రికి రాత్రి ఇళ్ళన్నీ మార్చిపెట్టినట్టుండేది. అలాంటప్పుడు అతనొక ఉపాయం కనిపెట్టాడు. ముందు ఏదైనా బస్సు పోతుంటే దాని వెనకే పోయేవాడు. బస్సు ఎప్పటికైనా ఊళ్ళోకే కదా పోతుంది. బస్‌స్టాండు చేరితే అక్కణ్ణుంచి ఇల్లు గుర్తొచ్చేది.

“ఆ రోజు కూడా బస్సు వెనకే పోయాను,” అన్నాడు. “అది ఊళ్ళోకి పోలేదు. కొండ మీదికి పోయింది. పైకి పోయాక అదీ కనపడలేదు.”

తర్వాత అతనికి తెగిన ముక్కలే గుర్తున్నాయి. పొడుగాటి రాతిగోడ. గోడ అవతల గొర్రెలు. ఎండ సూటిగా కళ్ళలో పడటం. ఒక చప్పుడు. ఎలాంటి చప్పుడని నోరీన్ అడిగింది. బంగాళాదుంపల బస్తా కింద పడేసినట్టు అన్నాడు. ఆగావా అని అడిగింది. ఆగాననే అనుకుంటున్నానన్నాడు. దిగావా అంటే తెలియదన్నాడు. టోపీ ఎక్కడ పోయిందో కూడా తెలియదు. ఆ తర్వాత గుర్తున్నది బ్రాత్‌వెల్స్ వాళ్ళ పెద్ద ఆకుపచ్చ బోర్డు. లోకం మొత్తంలో అతను గుర్తుపట్టగలిగింది అదొక్కటే. లోపలికి పోయి, కారు ఆపి, ఇల్లెక్కడో గుర్తొచ్చేదాకా అరగంట అలాగే కూర్చున్నాడు. పాలు కొనలేదు. పాల మాట తర్వాత అల్లుకున్నది.

“గొర్రె అనుకున్నాను, నోరీ,” అన్నాడు. “అప్పుడే అలా అనుకున్నానో, తర్వాత అలా అనుకోవాలని అనుకున్నానో, అదీ నాకు తెలియదు.”

నోరీన్‌కి ఆ ముక్కలన్నీ ఒకచోట కలిశాయి. రాతిగోడ, గొర్రెలు, కొండ మీది దారి. అది స్కార్ లేన్. ఆ చలికాలంలో స్కార్ లేన్ పేరు తెలియనివాళ్ళు హార్‌క్లఫ్‌లో లేరు. కుక్కను తీసుకుని నడకకు వెళ్ళిన ఒక పెద్దావిడను కారేదో గుద్ది, ఆగకుండా పోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి ఆవిడ చనిపోయింది. పేపర్లో వచ్చింది, నెలరోజులు పోలీసుల పసుపు బోర్డు ఆ దారి మొదట్లో నిలబడింది. ఆ పేపరు నోరీన్ ఈ బల్ల దగ్గరే కూర్చుని పైకి చదివింది. ఆపకుండా పోయినవాడికి ముద్ద ఎలా దిగుతుందో అని కూడా అంది. ఎదురుగా క్లిఫ్ రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. పాపం అన్నాడు.

“నేనా పేపరు చదివిన రోజు నీకు తెలుసా?”

అతను తువాలు మడతను వేలితో సరిచేశాడు.

“తెలియదు. తెలియకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.”

అతను ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆమెకు చేయడానికి ఏదో ఒక పని ఉండేది. డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదని అడిగింది. పోతే లైసెన్సు లాక్కుంటారు, అది లేకపోతే నేనెవర్ని అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదని అడగబోయి, ఆ ప్రశ్నకు జవాబు తన దగ్గరే ఉందని గుర్తొచ్చి ఊరుకుంది. మా ఆయన అబద్ధం చెప్పడని కంపెనీకి, అప్పీలువాళ్ళకు, కోర్టుకు, బేకరీలో వరసలో నిలబడ్డవాళ్ళకు సైతం ఎనిమిది నెలలు చెప్పుకుంటూ తిరిగింది తనే. అలా తిరుగుతున్న మనిషికి ఎవరు మాత్రం ఏం చెబుతారు.

ఆ జరిమానా కట్టెయ్యమని క్లిఫ్ అడిగాడు. వాళ్ళు అడిగిందంతా కట్టేసి, ఓడిపోయామని ఒప్పుకుంటే ఈ ఫోటోలతో ఎవరికీ పని ఉండదన్నాడు. బతిమాలినట్టు కాదు, అలిసిపోయి అడిగాడు. నోరీన్ ఫోటోల వైపు చూసింది. ఇంతకాలం ఆమె వెతికిన సాక్ష్యం ఇదే. అతను నిజంగానే రెండుసార్లు వెళ్ళాడు. కంపెనీ లెక్కే తప్పు. గెలవడానికి ఏం కావాలో అంతా ఈ బల్ల మీదే ఉంది.

“నువ్వు చెప్పింది నిజమే,” అంది. “ఆ నిజమే మనల్ని ముంచుతుంది.”

కారు తాళాలు ఇమ్మంది. గొడవ పెట్టుకుంటాడనుకుంది. అతను జేబులోంచి తీసి, టార్టుల పక్కన చప్పుడు కాకుండా పెట్టాడు. పెట్టి, భుజాలు దించుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఎంతకాలంగానో మోస్తున్న బరువును ఎవరైనా దించుకోమంటారా అని ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు. ఆ ఊపిరి విన్నాక నోరీన్ ఆ గదిలో ఉండలేకపోయింది. పెరట్లోకి పోయి, అతను సగం కత్తిరించి వదిలేసిన గులాబీల దగ్గర నిలబడింది.

శుక్రవారం పొద్దున ఆమె కిందికి దిగేసరికి క్లిఫ్ అప్పటికే లేచి, గడ్డం గీసుకుని, వంటింట్లో ఉన్నాడు. ఫోటోలు బల్ల మీద ఆమె వదిలేసిన చోటే ఉన్నాయి. అతను వాటిని చేత్తో పట్టుకుని, కిటికీ వెలుతుర్లో చూస్తున్నాడు. ఆమె అలికిడికి తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

“నేను చెప్పలేదూ? రెండుసార్లు వెళ్ళానని చెప్పలేదూ? ఎప్పుడొచ్చాయి ఇవి?”

నోరీన్ మెట్ల కమ్మీ పట్టుకుంది. నిజంగా మర్చిపోయాడో, మర్చిపోయినట్టుంటే బాగుంటుందని రాత్రంతా ఆలోచించి నిర్ణయించుకున్నాడో ఆ మొహం చూసి చెప్పలేకపోయింది. ఏది నిజమైతే తనకు నయమో కూడా తెలియలేదు. నిన్న వచ్చాయి అంది. గెలిచామా అని అడిగాడు. టీ పెట్టు, వస్తాను అంది. అతను టీ పెట్టాడు. పాలు పోశాడు. చక్కెర ఎన్ని చెంచాలో అడక్కుండా సరిగ్గానే వేశాడు.

నిన్న ఇద్దరూ కలిసి మోసిన సంగతి ఈ రోజు ఆమె ఒక్కదాని నెత్తిన పడింది.

ఒర్లాకు ఫోన్ చేసి ఆపమనవచ్చు. పన్నెండు దాకా టైముంది. ఆపినా, ఆ ఫోటోలు ఆ కంపెనీ యంత్రాల్లో ఉన్నాయి, ఒర్లా సొరుగులో ఉన్నాయి. ఒర్లా టైములు మాత్రమే చూసింది. రేపో ఎల్లుండో ఇంకొకరు దీపం చూస్తారు. నోరీన్ ఆలోచనలన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వచ్చాయి. స్కార్ లేన్‌లో అది జరిగింది ఫిబ్రవరిలో అని మాత్రమే ఆమెకు గుర్తు. ఏ తేదీయో గుర్తు లేదు. తేదీ వేరైతే చాలు. ఒక్క రోజు అటైనా ఇటైనా చాలు. అప్పుడది గొర్రె. గొర్రెల కొండలో గొర్రెకు తగలడం పెద్ద వింత కాదు.

ఫోటోలు క్లిఫ్ దగ్గర వదిలిపోవడానికి మనసొప్పక చేతిసంచిలో పెట్టుకుంది. తాళాలు కూడా అందులోనే వేసుకుంది. కారు వాకిట్లోనే ఉన్నా, ఆ కారు ఎక్కడానికి కాళ్ళు రాక బస్సుకు నడిచింది. నలభైనాలుగో నంబరు. నడిపే మనిషి ఆమెను గుర్తుపట్టి, క్లిఫ్ ఎలా ఉన్నాడని అడిగాడు. కులాసాగా ఉన్నాడంది. క్లిఫ్ఫే తనకు పని నేర్పాడనీ, ఈ కొండదారిలో ఎండ కళ్ళలో పడే మలుపు ఎక్కడుందో, అక్కడ బస్సును ఎంత నెమ్మది చెయ్యాలో మొదటి రోజే చూపించాడనీ అతను చెప్పుకొచ్చాడు. నోరీన్ కిటికీ వైపు తిరిగింది.

స్కార్ లేన్ దగ్గర దిగింది ఆమె ఒక్కతే. బస్సు పోయాక గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. రాతిగోడ వెంట నూటయాభై అడుగులు నడిస్తే మలుపు. పోలీసుల బోర్డు ఎప్పుడో తీసేశారు. కానీ గోడకు ఆనించి పూలున్నాయి, వాడినవి కొన్ని, మొన్నటివి కొన్ని. వాటి పైన ప్లాస్టిక్ కాగితంలో భద్రం చేసిన ఒక ప్రకటన రాళ్ళ సందుల్లోకి మేకులతో కొట్టి ఉంది. వానకు తడిసినప్పుడల్లా కొత్తది పెడుతున్నట్టున్నారు. అక్షరాలు ఏమాత్రం వెలిసిపోలేదు.

ఎర్ర టోపీ పెట్టుకుని నవ్వుతున్న పెద్దావిడ ఫోటో. మావిస్ హోల్డెన్, డెబ్భై ఒక్క ఏళ్ళు. దాని కిందివి చదవకుండా నోరీన్ కొంతసేపు ఆ ఫోటోనే చూస్తూ నిలబడింది. చూపు కిందికి దించితే ఏముంటుందో దించేదాకా తెలియదు కదా. దించేదాకా అది గొర్రెగానే ఉంటుంది.

దించింది.

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. మధ్యాహ్నం పన్నెండుకూ పన్నెండున్నరకూ మధ్య. వెండిరంగు కారు. ఎవరైనా ఏమైనా చూసి ఉంటే దయచేసి చెప్పండి.

వాళ్ళ కారు వెండిరంగు.

ఆమె గోడ మీద చేయి వేసింది. రాయి చల్లగా, తడిగా ఉంది. ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. వెనకనుంచి ఏదో వచ్చి కాలికి తగిలింది. చూస్తే కుక్క. బూడిదరంగుది, ముసలిది, వెనక కాలు కొంచెం ఈడుస్తోంది. దాని వెనక నలభై ఏళ్ళ ఆవిడ ఒక చేతిలో నీళ్ళ బకెట్టు, ఇంకో చేతిలో పసుపు చామంతులతో వస్తోంది. కుక్క తరఫున క్షమాపణ చెప్పుకుని, బకెట్టు కింద పెట్టి, వాడిన పూలను ఏరడం మొదలుపెట్టింది. నోరీన్ కదలలేదు. ఆవిడ కాసేపటికి తలెత్తి, గోడ మీద ఉన్న నోరీన్ చేతినీ, తర్వాత మొహాన్నీ చూసింది.

మీకు మా అమ్మ తెలుసా అని అడిగింది. తెలియదని నోరీన్ తల అడ్డంగా ఊపింది. అమ్మ ఈ దారిలో ఇరవై ఏళ్ళు నడిచిందనీ, ఈ కుక్క రెండో కుక్కనీ, ఆ రోజు అది మూడు మైళ్ళు ఒక్కటే ఇంటికి నడిచి వస్తేనే తమకు తెలిసిందనీ ఆవిడ చెప్పింది. పోలీసులకు ఇక ఆశ లేదనీ, వారం వారం తను ఈ కాగితం మారుస్తుంటే ఇంట్లోవాళ్ళు కూడా ఇక చాలంటున్నారనీ చెప్పింది. ఎవరి మీదా కోపం ఉన్నట్టు చెప్పలేదు. చాలా రోజులుగా వినేవాళ్ళు దొరకనట్టు చెప్పింది.

“ఈ ఎనిమిది నెలల్లో ఇక్కడ ఆగి, ఈ కాగితం మొత్తం చదివింది మీరొక్కరే అమ్మా,” అంది చివరికి. గొంతు తగ్గించింది. “మీరేమైనా చూశారా?”

కుక్క వచ్చి నోరీన్ పాదాల దగ్గర పడుకుంది. చేతిసంచి పట్టీ ఆమె మోచేతిని కోస్తోంది. లేదు అనాలి. ఆ మాటకు ఎంతో బలం అక్కర్లేదు. ఇందాక ఊపినట్టే ఇంకొక్కసారి తల ఊపితే సరిపోతుంది.

“చూశాను,” అంది నోరీన్.